చెల్లి కోసం గింజలు తీసిన టమాటాలు

తమ్ముడూ, దగ్గు తగ్గిందా? మరదలా, షుగరు మాత్రలు మానలేదు కదా? పిల్లలకు జ్వరాలేమీ లేవు కదా? నేను బాగానే ఉన్నాను.

ఈ రోజు కోటబొమ్మాళి నుంచి మన చెల్లి వస్తానంది. దానికి కిడ్నీలో రాయి వచ్చిన దగ్గర నుంచి టమాటా గింజంటే నాకు భయం. పొద్దున్నే టమాటాలు వేడినీళ్లలో వేసి, తొక్క ఒలిచి, కోసి, వేలితో గింజలన్నీ తీసేశాను. పప్పులో వేయబోతుంటే ఫోన్ చేసింది.

“ఈయేళ రాలేనే అక్కా. ఊడుపులకి మనుసులు దొరికినారు.”

“నిజం సెప్పు, మళ్లీ నొప్పొచ్చిందేటే?”

“నాకేటీ అవలేదు. ఆ పప్పేదో నువ్వు తినీ.”

“గింజల్లేకపోతే నాకేటి రుసుంటాదే?”

అది పకపకా నవ్వింది. “అయితే ఈపాలి తియ్యకు. నేనొచ్చి నీ పక్కన కూకుని తీస్తాను.”

ఇద్దరికని వండిన పప్పు రాత్రికీ మిగిలింది. నొప్పి దాచిందేమోనని ఇప్పటికీ బెంగగానే ఉంది. మీరూ ఇలాగే గింజలు తీస్తారా, నాదంతా చాదస్తమా? చెప్పండి.

మళ్లీ టమాటాలు కొన్నాను. ఒక్కటీ కొయ్యలేదు. బుధవారం పొద్దున్న బండికి వస్తానంది.