అక్క నాకిచ్చిన ప్రశ్న

పోయిన వారం నెల్లూరులో పుస్తకాల కొట్టుకు పోతే, కొట్టాయన నన్ను చూడగానే బల్ల కింద నుంచి కొత్త నవల ఒకటి తీసి ముందు పెట్టాడు. యూనివర్సిటీ లైబ్రరీలో ప్రొఫెసర్ శవం, అనుమానమంతా సాటి ప్రొఫెసర్ల మీద. "మీ సరుకు వచ్చింది సార్" అన్నాడు. నేను కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాదు. పదో తరగతితో చదువు ఆపి, రొయ్యల గుంటల దగ్గర మేత లెక్కలు, నీటిలో ఉప్పు లెక్కలు నాకు నేనే నేర్చుకుని వాటితోనే బతుకుతున్నవాణ్ణి. ఇలాంటివాడికి ప్రొఫెసర్ల హత్యలతో ఏం పని అని ఆయనకు ఎప్పటినుంచో అనుమానం. ఆ రోజు అడిగేశాడు కూడా. నవ్వేసి బయటపడ్డాను గానీ, మైపాడు బస్సులో కూర్చున్నంతసేపూ మా అక్కే కళ్ల ముందు మెదిలింది.

ఈ రుచి నాకు అంటించింది అక్కే. ఆమె తెలుగు లెక్చరరు, కాంట్రాక్టు ఉద్యోగం. ఇందుకూరుపేటలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా సంచిలో ఇలాంటి నవల ఒకటి ఉండేది. నేను పాత క్యాలెండరు వెనక ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో గీతలు గీసి, కుదరనివాళ్లను కొట్టేసుకుంటూ చదివేవాణ్ణి. "నవల చదవతన్నావా, గుంటకు మేత లెక్క కడతన్నావా?" అని అక్క ఎగతాళి చేసేది. నా గీతలు తప్పిన రోజున ఆమె సంబరం చూడాలి. నిజానికి ఆ కథల్లో నన్ను పట్టి లాగేది హత్య కాదు. మా గుంటల దగ్గర తగాదా వస్తే అరుపులు రోడ్డు దాకా వినిపిస్తాయి, సాయంత్రానికి చల్లారిపోతుంది. ఆ ప్రొఫెసర్ల తగాదాలో ఎవరూ గొంతు పెంచరు. పేరు చివర గారు తగిలించి, టీ కప్పు చేతికందిస్తూనే మనిషిని తొక్కేస్తారు. పోట్లాట దేనికయ్యా అంటే, ఒక వ్యాసం కింద ఎవరి పేరుండాలి అని. ఇంతమాత్రానికి ప్రాణాలు తీస్తారా అని నేను వాదించేవాణ్ణి. "తీస్తారు" అని అక్క పేజీ తిప్పేది.

అక్క పీహెచ్‌డీ పులికాట్ సరస్సు మీద చేపలు పట్టేవాళ్లు గాలులకు, నీళ్లకు, చేపలకు పెట్టుకున్న పేర్ల గురించి. కొన్నేళ్లపాటు సెలవులన్నీ తడ చుట్టుపక్కల ఊళ్లలోనే గడిపింది. ఎండకు నల్లబడి, ఎండుచేపల వాసనతో ఇల్లు చేరితే, మా బావ ముక్కు మూసుకుని తలుపు తీసేవాడు. చివరికి పరిశోధన పుస్తకం సమర్పించింది, వైవాకు, అంటే అందరి ముందు జరిగే ఆఖరి పరీక్షకు, తేదీ వచ్చింది. ఆ పట్టా చేతికొస్తే ఉద్యోగం పర్మనెంటు అయ్యే దారి దొరుకుతుంది. సరిగ్గా అప్పుడే, డిపార్ట్‌మెంటులో ఎవరి బల్ల మీదో ఉన్న ఒక పత్రిక తిరగేస్తుంటే తన పుస్తకంలోని గాలుల అధ్యాయం వ్యాసంగా కనబడింది. వాక్యాలు అక్కవి, పేరు ఆమె పీహెచ్‌డీ గైడు గారిది.

గమ్మునుంటే పట్టా వస్తుందని బావ అన్నాడు. ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు. ఆ గైడు గారిని కాదన్నవాళ్లు ఆ యూనివర్సిటీలో నిలబడిన దాఖలా లేదు. కానీ వ్యాసం ముందు అచ్చయింది, అక్క పుస్తకం తర్వాత వచ్చింది. రేపు ఎవరైనా రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే దొంగ ఎవరవుతారు? ఎటు కూడినా అక్కకు నష్టమే తేలింది.

వైవాకు బయటివాళ్లు ఎవరైనా రావచ్చట, ప్రశ్నలు కూడా అడగవచ్చట. అయితే ఆ ప్రశ్నలు చాలావరకు ముందే పంచిపెట్టినవై ఉంటాయని అక్క చెప్పింది. స్నేహితురాళ్లకు తేలికైనవి ఇచ్చి, నాకూ ఒకటి ఇచ్చింది: గాలుల అధ్యాయం ఇంతకుముందు ఎక్కడైనా అచ్చయిందా?

"నేను కళ్లద్దాలు తీసి బల్ల మీద పెడితే లేచి అడుగు. పెట్టకుంటే గమ్మునుండు."

"నువ్వే అడగరాదా అక్కా?"

"ఆయన ముందర నా నోరు పెగలదురా. ఇన్నేళ్లూ తల వంచుకునే ఉండాను గదా."

ఆ రోజు హాలు గుమ్మంలో గైడు గారే ఎదురొచ్చారు. తెల్ల చొక్కా, చల్లని నవ్వు. "అమ్మాయి తమ్ముడివా? రా నాయనా" అని భుజం మీద చెయ్యి వేసి ముందు వరసలో కూర్చోబెట్టి, జీడిపప్పు పళ్లెం అందించారు. ఒకటి తీసుకుని జేబులో వేసుకున్నాను. వేరే యూనివర్సిటీ నుంచి పరీక్ష చేయడానికి ఒక పెద్దావిడ వచ్చింది. అక్క మాట్లాడింది. గైడు గారు మెచ్చుకుని, గాలుల అధ్యాయం తమ చేతుల్లోనే రూపు దిద్దుకుందని కలిపారు. తర్వాత సభవైపు తిరిగి, సందేహాలుంటే అడగవచ్చన్నారు.

పంచిన ప్రశ్నలు ఒక్కొక్కటే అయిపోయాయి. నా కళ్లు అక్క కళ్లద్దాల మీదే ఉన్నాయి. ఆమె చెయ్యి పైకి లేచింది. లేవడానికి నా కాళ్లు కుర్చీ కిందికి జరిగాయి. పక్కనున్న బావ నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. అక్క అద్దాలను ముక్కు మీదికి తోసుకుని చెయ్యి దించేసింది. "ఇక ముగిద్దామా?" అన్నారు గైడు గారు. బావ పట్టు వదిలాడు.

"మా తమ్ముడొక ప్రశ్న తెచ్చినాడు సార్" అంది అక్క. సభలో పుస్తకంలా మాట్లాడే మనిషి నోట ఇంటి మాట వచ్చింది. "వాడెందుకు, నేనే అడుగుతా. గాలుల అధ్యాయం మీ పేరుతో అచ్చేసుకున్నారు. అది నేను రాసిందని మీకు తెలుసు గదా సార్?"

గైడు గారి నవ్వు చెదరలేదు. అచ్చులో అమ్మాయి పేరు జారిపోయిందనీ, చిన్న విషయమనీ అన్నారు. పెద్దావిడ కలం మూత తీసి ఆయన ముందు పెట్టింది.

"చిన్న విషయమైతే ఇక్కడే రాసిచ్చేయండి, ప్రొఫెసర్ గారూ."

ఆయన కలం వైపు చూశారు, గడియారం వైపు చూశారు, ఇంకో మీటింగుందని లేచి వెళ్లిపోయారు. వైవా ఆగిపోయింది. అంత నిదానంగా ఒక మనిషి అక్క బతుకును పక్కకు నెట్టడం నేను కళ్లారా చూసింది అప్పుడే.

తర్వాత ఏళ్ల తరబడి కమిటీలు, వాయిదాలు, కొత్త గైడు, మళ్లీ వైవా. ఆ పత్రిక ఒక మూల సవరణ వేసి అక్క పేరు అచ్చేసింది. పట్టా కూడా వచ్చింది, కానీ ఆమె కోరుకున్న పోస్టు అప్పటికే భర్తీ అయిపోయింది. పాత గైడు గారు శాలువాలతో రిటైరయ్యారు. అక్క ఈరోజుకీ గూడూరులో కాంట్రాక్టు మీదే పాఠం చెబుతోంది. ఒకసారి అడిగాను, ఊరుకుని ఉంటే అన్నేళ్లు పోయేవి కాదు కదా అని.

"ఊరుకుంటే మాత్రం ఆ ఏళ్లు నిలబడతాయా అబ్బయా?" అంది, టీ ఊదుకుంటూ.

ఏళ్లు ఎటు తిరిగీ గడిచిపోయేవే. అక్కవి ఆమె పేరు మీద గడిచాయి.