ఎదిగే చేపకు కొలత

మా కోట ఊళ్లో టైలర్ మామ కుట్టిన నిక్కరు ఆరో తరగతిలో నా మోకాళ్ల కిందికి వేలాడేది. అడిగితే, "ఎదిగే బిడ్డవి గదా అబ్బయా, లూజు పెట్టినా" అనేవాడు. ఎనిమిదో తరగతికి గానీ అది నాకు సరిపోలేదు.

రెడీమేడ్ బట్టలొచ్చి బేరాలు తగ్గాక, ఆయన ఫోన్‌లో ఫ్రీ వీడియోలకు అతుక్కుపోయాడు. గాలానికి ఈకలు, దారం చుట్టి, చేప నమ్మేలా పురుగును తయారుచేయడం నేర్పే వీడియోలవి. ఏదో చలిదేశపు దొర దోమంత పురుగును చుడుతుంటే, ఈయన కుట్టుమిషన్ పాదం కింద గాలాన్ని బిగించి, ఆపి ఆపి చూస్తూ చుట్టేవాడు. ఈకలు ఇంట్లో పుంజువే. దాని తోక బోడి అయ్యాక భార్య మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. వీడియోలు చూసుకోవడానికి అదీ కలిసొచ్చింది.

తీరా ఆయన చేసిన పురుగు కోడిపిల్లంత ఉంది.

"వీడియోలో దోమంతే గదా మామా" అన్నాను.

"చేప మాత్రం ఎదగదా? లూజు పెట్టినా."

నెల రోజులు ఉప్పుటేరులో విసిరాడు. చేపలు దాన్ని చూసి తప్పుకుపోయాయి. ఒక కొంగ మాత్రం తన పిల్లే అనుకుందేమో, దాని చుట్టూ తిరిగింది. చివరికి విసుగొచ్చి, "నువ్వుంచుకో అబ్బయా" అని నా చేతిలో పెట్టాడు. ఆ వేసవిలోనే పోయాడు.

మొన్న అదే ఏట్లో ఆ పురుగును ఊరికే విసిరితే, చేయంత పొడుగు పండుగప్ప చేప పట్టుకుంది. దాని నోట్లో ఆ పురుగు కొలత తీసి కుట్టినట్టుంది. నా నిక్కరులాగే, రెండేళ్లు పట్టింది.