కండక్టరు గారి బఠాణీ మడి

మా పక్కింటి కండక్టరు గారు ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బస్సులోకి జనాన్ని సర్దారు, రిటైరయ్యాక మడుల్లోకి మొక్కల్ని సర్దడం మొదలుపెట్టారు. ఎండలు తగ్గి చలి ఇంకా ముదరని రోజుల్లో ఏ కూరలు ఎలా పెంచుకోవాలో చెప్పే వీడియోలు ఆయనవి. క్యాబేజీ నారు నాటుతూ "సర్దుకోండమ్మా, సర్దుకోండి, వెనక బోలెడు చోటుంది" అనేవారు. ముల్లంగి గింజ ఎంత లోతున వేయాలో వేలి కణుపు చూపించి చెప్పేవారు. పాలకూరకి పొద్దున్నే నీళ్లెందుకు పోయాలో ఒక్క ముక్క వదలకుండా వివరించేవారు. చూసేది మాత్రం నేనూ, ఇంకో నలుగురూ. ఆ నలుగురూ ఆయన భార్య తరఫు చుట్టాలు. వాళ్లూ మొహమాటానికి ఓసారి నొక్కి వదిలేసేవారే.

వీడియోలు తీసేది బావమరిది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఫోటో స్టూడియోలో ఈగలు తోలుకుంటూ కూర్చుని, చివరికి దాన్ని మూసేసి, అక్క ఇంట్లో మకాం పెట్టాడు. పొద్దెక్కితే గానీ లేవడు. కెమెరా పట్టుకుంటే మాత్రం చెయ్యి వణకదు. ఆ మనిషిలో మంచిదంటూ ఏదైనా ఉంటే ఆ చెయ్యే.

ఒక ఏడాది, క్యాబేజీ మొదటి కోత చూపిద్దామని కండక్టరు గారు మడి మీద కప్పిన గుడ్డ తీశారు. కింద క్యాబేజీ లేదు. పురుగు అంతా తినేసి ఈనెలు మిగిల్చింది. ఆయన కెమెరా సంగతే మర్చిపోయి బురదలో చతికిలబడ్డారు. చొక్కా అంచుతో ముక్కు చీదుకుంటూ చంటిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు. "నేనే సర్దుకోమన్నానే, అందర్నీ నేనే సర్దుకోమన్నానే" అన్నారు. బావమరిది ఆపలేదు. ఇంకాస్త దగ్గరికెళ్లి తీశాడు. ఆ సాయంత్రమే లోకానికి వదిలేశాడు.

లోకం కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. ఎవడో దానికి డప్పుల మోత జోడించాడు. ఇంకెవడో ఆయన మొహాన్ని పెళ్లికొడుకు ఒంటికి అతికించాడు. బజారుకెళితే కూరలమ్మే ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బేరం మర్చిపోయింది. ఆయన తల వంచుకుని ఖాళీ సంచితో తిరిగొచ్చారు. ఇంట్లో మాత్రం సంబరమే సంబరం. లక్షల మంది చూశారని అక్కాతమ్ముళ్లు ఫోను వదల్లేదు.

"కాసిన చెట్టుని ఎవడు చూస్తాడు బావా? నువ్వు ఏడిస్తేనే చూస్తారు," అన్నాడు బావమరిది.

"నాలుగు చుక్కలు కారిస్తే మీ సొమ్మేం పోయిందండీ? ఇంతమంది చూస్తుంటే మహారాజులా ఏడవచ్చు," అంది ఆయన భార్య, నేను వదినా అని పిలిచే ఆవిడ.

ఏడవడం నేర్పించబోయారు. కళ్ల దగ్గర ఉల్లిపాయ పిండారు. కళ్లు ధారగా కారాయి గానీ, నోరు మాత్రం "ఉల్లినారు ఇప్పుడే పోసుకోవాలండీ, చలి ముదిరాక లాభం లేదు" అంటూ పాఠం చెప్పుకుపోయింది. బావమరిది తల పట్టుకుని కూర్చున్నాడు.

ఆయన ప్రాణమంతా వేరేచోట ఉంది. పెరటి చివర బఠాణీ మడి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మొదలుపెట్టిన పని అది. ఏటా అన్నిటికంటే ముందు కాసిన తీగ నుంచి, ఎండకి వడలని తీగ నుంచి గింజలు ఏరి దాచి, మళ్లీ అవే వేసి, చివరికి తనదంటూ ఒక రకం తయారుచేసుకున్నారు. వేడి పూర్తిగా తగ్గకముందు వేసినా కాచే బఠాణీ. ఇంకెవరి దగ్గరా లేదు. ఈసారి డబ్బాలో ఉన్న గింజలన్నీ వేసేశారు. కాయలు తీగ మీదే ఎండాక విత్తనం తీసి, అడిగినవాళ్లందరికీ పంచుతారట. అదే తన చివరి వీడియో అని గోడ మీంచి నాకు చెప్పారు.

"నవ్వినవాళ్లకి కూడానా అన్నయ్యగారూ?"

"ముందు వాళ్లకే చెల్లెమ్మా. ఒక్క పాదు కాస్తే ఇంక నవ్వరు."

ఇంత అమాయకుల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కాయల్లో గింజ ఇంకా కట్టని రోజుల్లో వదినకి ఉన్నట్టుండి ఊళ్లో ఉన్న బావగారి మీద, అంటే మొగుడి అన్నగారి మీద, ప్రేమ పుట్టుకొచ్చింది. "మీ అన్నయ్యగారికి ఒంట్లో బాగాలేదట. నాలుగు రోజులుండి రండి. నీళ్లు మేం పోస్తాంగా."

పోశారు. నేనూ చూశాను. అక్క బకెట్టు మోసింది, తమ్ముడు మగ్గుతో ప్రతి మొక్క మొదట్లోనూ పోశాడు. మొక్కలంటే గిట్టని మనిషికి ఇంత శ్రద్ధ ఎక్కణ్ణించి వచ్చిందా అనుకున్నాను.

కండక్టరు గారు తిరిగొచ్చిన పొద్దున, భుజాన సంచి భుజానే ఉండగా పెరట్లోకి వెళ్లారు. బావమరిది అంత పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, కెమెరా బిగించుకుని సిద్ధంగా ఉన్నాడు. తీగలన్నీ కర్రల మీద చచ్చి వేలాడుతున్నాయి. ఆకు ముట్టుకుంటే పొడైపోతోంది. ఆయన ఒక కాయ ఒలిచారు. లోపల గింజ లేదు, పల్చటి పచ్చపొర ఉంది. ఇంకోటి ఒలిచారు. అలా మడి చివరిదాకా ఒలుచుకుంటూ వెళ్లారు. తర్వాత వంగి, మట్టి వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నారు.

ఉప్పు. మొక్కలకి ఏం చేయకూడదో చెప్పే వీడియో ఒకటుంది. ఉప్పునీళ్లు వేరుని ఎలా చంపుతాయో, బఠాణీ అయితే ఎంత త్వరగా పోతుందో అందులో ఆయనే విడమరిచి చెప్పారు. ఇన్నేళ్లలో ఆయన పాఠం విని తూచా తప్పకుండా చేసిన శిష్యుడు ఆ బావమరిది ఒక్కడే.

ఆయన తలెత్తి అతన్ని చూశారు. ఏడవలేదు, తిట్టలేదు. కొట్టండి అన్నయ్యగారూ, ఆ పార అందుకోండి అని నేను గోడకి ఇవతల లోలోపల అరుస్తున్నాను. ఆయన సంచి భుజం మార్చుకుని ఇంట్లోకి వెళ్లిపోయారు.

"ఛ! చీకటితో లేచి కాపలా కాస్తే ఇదా?" అని బావమరిది మూతి ముడిచాడు. "మీ ఆయనకి అసలు మనసంటూ లేదక్కా!"

మా వంటింటి కిటికీకి వాళ్ల కిటికీ ఎదురు. మధ్యాహ్నం ఆయన స్టూలు మీద కూర్చుని విత్తనాల డబ్బా తెరిచారు. అంచున ఒక్క గింజైనా ఇరుక్కుందేమోనని లోపలంతా వేలితో తడిమారు. తలకిందులు చేసి అడుగున తట్టారు. ఏమీ రాలలేదు. అప్పుడు ఆయన నోరు తెరుచుకుంది. ముందు శబ్దం రాలేదు. వచ్చాక వినలేకపోయాను. అలాంటి ఏడుపు నేను చావు జరిగిన ఇళ్లలో కూడా వినలేదు.

పొయ్యి దగ్గరున్న వదిన గరిట వదిలేసింది. ఆవిడ చెయ్యి ఆయన భుజం దాకా వెళ్లింది. హమ్మయ్య, మనిషేనన్నమాట అనుకున్నాను. ఆవిడ ఆ భుజం అలా పట్టుకునే గుమ్మం వైపు తిరిగి కేకేసింది.

"ఒరేయ్, తొందరగా రారా! మొదలుపెట్టారు!"

బావమరిది కెమెరాతో పరిగెత్తుకొచ్చాడు. ఒక కన్ను మూసి చూసి, పెదవి విరిచాడు.

"మొహం చీకట్లో పడుతోంది బావా. కాస్త కిటికీ వైపు తిరుగు."

కండక్టరు గారు వెక్కుతూనే లేచి, స్టూలు జరుపుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.