మీటరును కూర్చోబెట్టిన చోటు

సౌదీలో, అల్ ఖోబర్‌లో మా అమ్మాయి ఇంట్లో ఈ చలికాలం మొదటిసారి ఈ ఉదయం హీటరు పెట్టగానే గదిలో వేడెక్కిన చెక్క వాసన వచ్చింది. హీటరును బీరువాకు మరీ దగ్గరగా పెట్టారు. జరిపేశాను. కాసేపటికి వాసన పోయింది గానీ, దాని వెంట గుర్తుకొచ్చిన రత్నమ్మక్క మాత్రం పోలేదు.

తాయిఫ్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో నేను ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్న రోజులవి. మాది కడప జిల్లా. రత్నమ్మక్కది అనపర్తి దగ్గర పల్లె. కోళ్ల ఫారంలో ఏళ్ల తరబడి కోడిపిల్లల షెడ్డు చూసి, తర్వాత తాయిఫ్‌లో ఒక పెద్దింట్లో పనికి వచ్చింది. ఆ ఇంటి కొడుకు చదువుకని రియాద్ వెళుతూ తన పెంపుడు పామును, ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువను, ఆమెకు అప్పగించాడు. తాయిఫ్ కొండ మీది ఊరు. అక్కడి చలికి వేడి లేకపోతే పాముకు తిన్నది అరగదు. అందుకని దాని చెక్కపెట్టెకు వేడి అమర్చమని ఇంటి యజమాని నన్ను పిలిపించాడు. ఆయన్ని ఆమె బాబా అనేది. ఆమె ఊరికి వెళ్లి రావడానికి కావలసిన కాగితం, ఖురూజ్ అవుదా, ఆయన చేతిలో ఉంది. నాలుగేళ్లుగా చూడని తల్లి దగ్గరకు పది రోజుల్లో ప్రయాణం. "పాము బాగుంటేనే నీ ప్రయాణం" అన్నాడట బాబా.

"పామనకు తమ్ముడూ, పురుగను. పేరెత్తితే వచ్చేత్తాది" అనేది రత్నమ్మక్క.

"వచ్చి పెట్టెలోనే కూర్చునిందే, ఇంకేం వస్తాదిక్కా?"

"అందుకే చెబుతున్నా. ఉన్నదొక్కటి చాలు."

నా పని మీద నాకు నమ్మకం ఎక్కువ. వెలుతురు ఇవ్వని పింగాణీ హీటరు బల్బును పెట్టెలో ఒక కొసన పైకప్పుకు బిగించాను. పాము చుట్టుకుని కాలకుండా దానికి ఇనుప జాలీ తొడిగాను. రెండో కొసను చల్లగా వదిలి, అక్కడ నీళ్ల గిన్నె పెట్టాను. వేడి ముప్పై రెండు డిగ్రీలకు చేరగానే కరెంటు ఆపేసే థెర్మోస్టాట్ అమర్చి, వేడిని కొలిచే దాని తీగ కొసను వెచ్చని వైపు గోడకు టేపుతో అంటించాను. రోజు విడిచి రోజు వెళ్లి, థెర్మోస్టాట్ మీటరు చూసి, డైరీలో రాసుకునేవాణ్ణి: "32. సరి."

ఐదో రోజు మీటరు ఇరవై ఆరు చూపింది. చలి ముదిరిందనుకుని వేడి పెంచి, "26. పెంచాను" అని రాశాను. రత్నమ్మక్క పెట్టె ముందరి అద్దం దగ్గర కూర్చుని లోపలికి చూస్తూనే ఉంది.

"ఏం తమ్ముడూ, చలేస్తే కోడిపిల్లలన్నీ దీపం కిందకి చేరతాయి. ఉక్కపోస్తే మూలలకి పోతాయి. ఇదేంటి నీళ్లగిన్నెలో చుట్టుకుంది?"

"మీటరు అబద్ధం చెప్పదక్కా."

"చెప్పదు. దాన్ని ఎక్కడ కూర్చోబెడితే అక్కడి మాట చెబుతాది. అదెక్కడ కూర్చుందో చూశావా?"

చూడలేదు. ఆమె లేచి ప్లగ్గు పీకేసింది. అద్దం జరిపి చూస్తే పాము రాపిడికి టేపు ఊడి ఉంది. పాము ఈడ్చుకెళ్లిన తీగ కొస దాని చుట్ట కింద నీళ్లలో మునిగి ఉంది. నీళ్ల చల్లదనాన్నే అది నాకు చెబుతూ వచ్చింది. హీటరు మాత్రం ఆగకుండా మండుతూనే ఉంది. పెట్టె పైచెక్క మీద చెయ్యి ఆనించలేకపోయాను. లోపలి వైపు అరచేతంత మేర గోధుమరంగుకు మాడింది. ఇంకో పూట అలాగే వదిలేసి ఉంటే పామూ, పెట్టే, బహుశా ఆ గదీ మిగిలేవి కావు.

చెక్క మార్చేస్తే ఎవరికీ తెలియదు. ఆ మాటే అన్నాను. "ఆయన రేపు చూస్తే నేను చేశానంటాడు. నా కాగితం పోద్ది" అంది. గొంతు పెంచలేదు. బాబా దగ్గరకు నేనే వెళ్లి, తప్పు నాదని అరబ్బీలో చెప్పి, మాడిన చెక్క చూపించాను. ఆయన మాడిన చోట వేలితో గీకి చూశాడు.

"ఎవరు కనిపెట్టారు?"

ఆమెను చూపించాను. ఆయన నన్ను నాలుగు మాటలు గట్టిగానే అన్నాడు. ఆమెను ఏమీ అనలేదు. అనుకున్న రోజుకే కాగితం వచ్చింది.

ఈసారి పైచెక్కకు ఖాళీ వదిలి రేకు బిగించాను. తీగ కొసను మరమేకుల క్లిప్పుతో కదలకుండా పెట్టాను. వేడి హద్దు దాటితే కరెంటు కోసేసే రెండో థెర్మోస్టాట్ కూడా చేర్చాను. సాయంత్రం డైరీలో "26. పెంచాను" అన్న వరుస కొట్టేయబోతుంటే రత్నమ్మక్క నవ్వింది.

"కొట్టెయ్యకు. అబద్ధం కాదుగా, సగమే రాశావు. మిగతా సగం రాయి."

దాని కింద రాశాను: "పాము నీళ్లలో ఉంది. చూడలేదు." ఆమె ఊరెళ్లి, తల్లిని చూసుకుని, తిరిగి రాలేదు. షెడ్డు పనిలోనే మళ్లీ చేరిందని విన్నాను. ఆ తర్వాత నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ అంకె పక్కన, ఆ గదిలో ఉన్న ప్రాణి ఏం చేస్తోందో కూడా రాశాను.

ఈ ఉదయం హీటరును జరిపాక కూడా దాని దగ్గరే నిలబడ్డాను. "ఇరవై రెండే చూపిస్తోంది కద నాన్నా, ఇంకా ఏం చూస్తావు?" అంది అమ్మాయి. నేను జరిపి పెట్టింది తలుపు సందు గాలి తగిలే చోట, అది చెప్పేది ఆ చల్లగాలి మాట. డైరీ తీసి రాశాను: "హీటరు 22 అంటోంది. అమ్మాయి శాలువా తీసేసి కిటికీ పక్కకు కుర్చీ జరుపుకుంది. తగ్గించాను."