మళ్ళీ ఓసారి బిగించాలి

భూమిని ఇరుసుకి బిగించే పని మా తాతయ్యకి అప్పగించి ఉంటే, ఈ లోకంలో భూకంపాలనేవే ఉండేవి కావు. కాకపోతే ఓ చిన్న చిక్కొచ్చేది. భూమి ఒక చుట్టు తిరిగిందో లేదో, "ఆపండాపండి, వెనక్కి తీసుకురండి, మళ్ళీ ఓసారి బిగించాలి" అనేవాడు.

అదే ఆయన జబ్బు. మళ్ళీ బిగించడం.

ఇంటిని ఆనుకునే తాతయ్యకి పాత జీపులకి చక్రాలు మార్చే రేకుల షెడ్డు ఉంది. చక్రం ఎక్కించాక ఆయన ఒక నట్టు బిగిస్తే పక్కదాన్ని ముట్టుకోడు, ఎదురుగా ఉన్నదానికి పోతాడు. అలా అయితేనే చక్రం వంకర లేకుండా కూర్చుంటుందట. బాగానే ఉంది. కానీ చిన్నప్పుడు నా గౌను బొత్తాలు కూడా అలాగే పెట్టేవాడు. పైది, ఆ తర్వాత అట్టడుగుది, ఆ తర్వాత మధ్యది. బడికి ఆలస్యమై పంతులమ్మ కారణం అడిగితే ఏం చెప్పను? చదువు నాకెందుకు అబ్బలేదని ఇంట్లో అందరూ నన్నే అంటారు. బొత్తాల సంగతి ఒక్కరూ ఆలోచించరు.

ఇంట్లో సీసా మూతలు, కుళాయిలు, కుర్చీ కాళ్ళు, నానమ్మ కళ్ళజోడు మరలు, అన్నీ ఆయన చేతికింద నలిగినవే.

"ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క మూత నా చేత్తో తీసుకున్న పాపాన పోలేదు. నూనె కావాలంటే ఈయన్ని బతిమాలుకోవాలి" అంటుంది నానమ్మ.

"ఒలికిపోతే?"

"ఎప్పుడు ఒలికింది?"

"బిగించాను కాబట్టి ఒలకలేదు."

ఇలాంటి మనిషితో వాదన పెట్టుకుని గెలిచినవాళ్ళు లేరు. ఆయన దగ్గర చక్రాలు మార్పించుకున్న వాళ్ళంతా ఓ గంట తిరిగి మళ్ళీ షెడ్డుకి రావాల్సిందే. కొత్తగా ఎక్కించిన చక్రం కాస్త దూరం నడిస్తే గానీ తన చోట కుదురుకోదు, అప్పుడు నట్టు వదులవుతుంది. అది నిజమే. రాకపోతే మాత్రం స్పానర్ పట్టుకుని వాళ్ళిళ్ళకే పోతాడు. ఒకసారి ఓ పెళ్ళికొడుకు జీపు ఎక్కి కూర్చుంటే, ఇంటివాళ్ళంతా చూస్తుండగా దాని చక్రం ముందు చతికిలబడ్డాడు.

ఆ ఏడు వాన మొదలైందే గానీ ఆగడం మరిచిపోయింది. షెడ్డు రేకుల మీద పగలంతా ఒకటే మోత. నేల బురద, గోడలు చెమ్మ, ఇనుము వాసన. అలాంటి ఓ పొద్దున పాల జీపు బాబాయ్ వచ్చాడు. కొండ మీది పల్లెల నుంచి పాల క్యాన్లు దింపే మనిషి. ఇదివరకు ఆ జీపు వస్తోందంటే ముందు ఆయన భార్య గొంతు వినిపించేది, తర్వాతే హారను. ఆవిడ పక్క సీట్లో కూర్చుని దారి పొడవునా తిడుతుంటే, ఆయన నవ్వుకుంటూ నడిపేవాడు. ఆ వానల మొదట్లోనే ఆవిడ జ్వరంతో పోయింది. ఇప్పుడా సీట్లో ఆవిడ దిండు ఒక్కటే ఉంది.

మనిషి సగమయ్యాడు. గడ్డం మాసింది, చొక్కా చిలక్కొయ్యకి తగిలించినట్టు వేలాడుతోంది. జీపు వెనకాల, పాత సామాన్ల కొట్టులో తెచ్చిన చక్రాలున్నాయి.

"పాతవి తుప్పు పట్టి చీలాయి. ఇవి తగిలించండి పెద్దాయనా."

తాతయ్య ఒక చక్రాన్ని దొర్లించి చూశాడు. దాని రంధ్రంలో ఓ నట్టు పెట్టి చూశాడు. మా నాన్నకి సంబంధం చూసినప్పుడు కూడా ఇంత పరీక్షగా చూడలేదని నానమ్మ అంటుంది.

"పనికిరావు. నీ నట్ల మొన ఏటవాలుగా ఉంది, ఈ రంధ్రాల అంచు చదునుగా ఉంది. ఒకదాన్లో ఒకటి కూర్చోవు. పైకి బిగిసినట్టే ఉంటాయి, కొండ దిగేటప్పుడు ఊడతాయి."

"ఎక్కుతున్నాయిగా, తగిలించెయ్యండి."

"ఊడతాయంటే వినవేంటయ్యా!"

"ఊడితే ఊడనివ్వండి. ఇప్పుడు ఎవరికి లోటు?"

తాతయ్య చేతిలోని నట్టు జారి బురదలో పడింది. ఆయన చేతిలోంచి నట్టు జారడం నేను చూడటం అదే మొదలు. వంగి దాన్ని తీసుకుని, లుంగీకి తుడిచి, ఏమీ విననట్టే షెడ్డు వెనక్కి పోయాడు. ఆ జీపుకి తగిన చక్రాలు తనకని దాచుకున్నవి తీసుకొచ్చాడు.

చక్రం కూర్చునే చోట తుప్పంతా బ్రష్షుతో గీకాడు. ముందు చేత్తోనే నట్లు తిప్పి, జాకీ దించి, చక్రాలు నేలని తాకాక గట్టిగా బిగించాడు. బాబాయ్ గోడకి ఆనుకుని వాన చూస్తూ నిలబడ్డాడు. ఎవరి జీపో అన్నట్టు.

"పాలకేంద్రం దాకా పోయి రా. మళ్ళీ ఓసారి బిగించాలి."

వచ్చాడు. బిగించాడు. మామూలుగా అయితే అక్కడితో అయిపోవాలి.

"రేపు మధ్యాహ్నం రా" అన్నాడు తాతయ్య.

"మళ్ళీ ఎందుకు?"

"వాన కదా. వానకి ఇనుము ముడుచుకుంటుంది."

మర్నాడు కాస్త ఎండ వచ్చింది. "ఎండకి సాగుతుంది, ఎల్లుండి రా." ఆ రోజు మబ్బు పట్టింది. "మబ్బు పడితే ఏం చెయ్యాలో ఇనుముకే తోచదు. రేపు చూడాలి."

వచ్చినప్పుడల్లా సరిగ్గా భోజనాల వేళే. "చల్లారిపోతుంది, ముందు తిను. నట్లెక్కడికీ పోవు" అనేవాడు. బాబాయ్ తలొంచుకుని నాలుగు ముద్దలు తినేవాడు. ఆ తర్వాత తాతయ్య జీపు దగ్గర కూర్చుని స్పానర్ తగిలించి, గాడిదంత బరువు ఎత్తుతున్నట్టు మూలిగేవాడు.

"కంచాలు పెట్టే వేళకే వదులయ్యే నట్లు ఎక్కడా చూడలేదమ్మా" అని నానమ్మ సణిగేది. సణుగుతూనే బియ్యం ఇంకో గుప్పెడు ఎక్కువ పోసేది.

ఒకరోజు బాబాయ్ రాలేదు. తాతయ్య కంచం ముందు కూర్చోలేదు. వీధి గుమ్మంలో స్పానర్ పట్టుకుని నిలబడ్డాడు. మర్నాడూ జీపు రాలేదు. "గొడుగు తియ్యవే" అన్నాడు నాతో.

పాలకేంద్రం వెనక ఒంటి గది. జీపు బయట తడుస్తోంది. లోపల చీకట్లో బాబాయ్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పొయ్యిలో పిల్లి పడుకుంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. తాతయ్య మాత్రం స్పానర్‌తో తలుపు మీద దబదబా బాదాడు.

"నట్లు!"

"వద్దు పెద్దాయనా. నేనింక నడపను. జీపు అమ్మేస్తున్నాను."

"అమ్ముకో. నేను బిగించిన చక్రాలు వదులుగా ఉన్నాయని కొన్నవాడు అంటే నా పరువేం కావాలి? లే. ఈ పిల్లకి గొడుగు పట్టడం చేతకాదు, నువ్వు పట్టు."

నాకు ఒళ్ళు మండింది. కానీ బాబాయ్ లేచాడు. ఎన్నాళ్ళ నుంచో లేవనివాడిలా లేచి, వానలోకొచ్చి తాతయ్య మీద గొడుగు పట్టాడు.

తాతయ్య బురదలో చతికిలబడి స్పానర్ తగిలించాడు. మూలిగాడు. పక్కనే ఉన్నాను కాబట్టి అప్పుడు చూశాను. స్పానర్ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నట్టు రాయిలా ఉంది. ఎదురుదానికి పోయాడు. అదీ కదల్లేదు. మూలుగు మాత్రం మొదటిదానికంటే పెద్దది. ముసలాయన మెడ నరాలు ఉబ్బించి, పళ్ళు బిగించి, ఊరికే మూలుగుతున్నాడు!

నేను నోరు తెరవబోయాను. ఇంతలో బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"పెద్దాయనా... ఆ వెనక చక్రం కూడా కాస్త వదులైనట్టుంది. చూడండి."

తాతయ్య తల ఎత్తలేదు. "చూస్తా. ఇవాళ పొద్దు పోయింది. రేపు మధ్యాహ్నం షెడ్డుకే తీసుకురా."

తెచ్చాడు. పాలు దింపి మరీ తెచ్చాడు. గడ్డం గీసుకున్నాడు కూడా. ఒకచోట తెగింది.

ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చినప్పుడు పట్టుకున్నాను. "బాబాయ్, నట్లు వదులు కాలేదని నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి వారంలోనే. నడిపేవాడికి ఆ మాత్రం తెలీదా? పాపం, ఈ వయసులో అంత కష్టపడి మూలుగుతున్నాడు, రాకపోతే బాధపడతాడని వచ్చేవాణ్ణి."

ఇంకేముంది, ఒక్క పరుగున షెడ్డులోకి పోయి తాతయ్యని నిలదీశాను. "తాతయ్యా, నీ దొంగ మూలుగు సంగతి ఆయనకి మొదట్నుంచీ తెలుసట! నీ నటన అంతా బూడిదలో పోసిన పన్నీరే!"

తాతయ్య నా వైపు కూడా చూడకుండా అన్నాడు. "వస్తున్నాడు కదా? పో, ఆయనకి కంచం పెట్టు."