పెన్న తేటపడిన తర్వాత కూడా

మైదుకూరు సంతలో చీరలు పరిచి కూర్చున్నాను. మా వీధి మనిషి ఒకడు బండి దిగి వచ్చి, బేరం మధ్యలోనే నా భుజం పట్టుకున్నాడు. "మీ అత్త పోయిందప్పా, తెల్లారుజామున" అన్నాడు. చీరలు ఎట్లా మూటగట్టానో గుర్తులేదు. ఏనాడూ కుదురుగా కూర్చోని మనిషి ఇప్పుడు కదలకుండా ఎట్లా పడుకుని ఉంటుందా అని దారంతా ఒకటే ఆలోచన.

ఆమె మా నాయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి చేరింది. మాది పెన్న ఒడ్డున నేతగాళ్ల వీధి. నూలుకు రంగు వేసే పని ఇంట్లో ఆమెదే. అన్నం తింటూ తింటూ లేచిపోయి రంగు కాగు కింద మంట చూసి వచ్చేది.

నా చిన్నతనంలో పరాయి దేశాల నుంచి ఓడల మీద సీమ రంగులు వచ్చాయి. డబ్బాలోని పొడి వేడినీళ్లలో కలిపితే చాలు. మిగిలిన రంగునీళ్లు వీధంతా వంకలోకి వదిలేవాళ్లు. వంక ఏట్లో కలిసేది. ఎండాకాలం పెన్నలో ఇసుకే గనక, అందరూ చెలమలు తవ్వి ఊరిన నీళ్లు తోడుకోవాల్సిందే. ఒక మధ్యాహ్నం దిగువనున్న కిరస్తానీ పల్లె నుంచి ఒక తల్లి కుండతో వచ్చి మా వాకిలి బయట నిలబడింది.

"చెలమ తోడితే ఎర్రనీళ్లు వస్తాండాయమ్మా. బిడ్డలకు వాంతులు. మడుగులో తాబేళ్లు చచ్చి తేలినాయి. మేం యాడికి పోవాల?"

అత్త కుండలోకి చూసింది. లోపలికి వచ్చి కాగు కింద పొయ్యి ఆర్పేసింది.

నాయన మండిపడ్డాడు. "పండగ బేరాల ముందర ఏందిదక్కా? అందురూ వదుల్తాండారు గదా!"

"అందురూ ఆపేదాకా మనమూ వదలాల్నా? ఈ రంగునీళ్లు పోసేకి గుంత తవ్వేదాకా నేను నూలు ముట్టను."

ఏటికి దూరంగా బీడు నేలలో తనే గడ్డపార పట్టింది. తర్వాత మీరూ తవ్వండని ఇల్లిల్లూ తిరిగింది. కొందరు నవ్వారు, కొందరు తలుపు వేసుకున్నారు.

అంతలో జర్మనీ యుద్ధం వచ్చి ఓడల్లో దిగే రంగులు ఆగిపోయాయి. సగం మగ్గాలు మూలపడ్డాయి, ఇంట్లో గంజి పలచబడింది. ఏరు మాత్రం వరద వచ్చిపోయేకొద్దీ తేటపడింది. మడుగులో చేపలు ఎగిరాయి, కొంగలు దిగాయి. వీధి సంతోషించింది గానీ అత్తకు మనసు నిలవలేదు.

"మనం మంచోళ్లమై ఏరు బాగుపడలా. రంగుల్లేక బాగుపడినాది. రేపు మళ్లా డబ్బాలు దిగితే? చేతులు ఖాళీగుండాయి, ఇప్పుడన్నా తవ్వండి!"

ముందుగా పార భుజాన వేసుకున్నది మా నాయనే. తర్వాత వీధి కదిలింది. పల్లె నుంచి ఆ తల్లి తన వాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. వీధి వెనక బీట్లో పెద్ద గుంతలు పడ్డాయి.

యుద్ధం ముగిసి రంగులు మళ్లీ వచ్చాయి. చాలా ఇళ్లు గుంతల్లోనే పోశాయి. ఒకటి రెండు ఇళ్లు మాత్రం వాననీళ్లలో కలిసిపోతుందిలే అని చీకటి మాటున వంకలోకి వదిలేవి. అందుకే వాన పడితే చాలు, ఆమె కర్ర పట్టుకుని వంక వెంట పోయేది. చూపు తగ్గినా మానలేదు. "ఇంక కూర్చో అత్తా" అంటే, "బాగైందిలే అని కూర్చున్నామా, ఆ పొద్దే మళ్లా చెడిపోతాది" అనేది.

ఆమెను ఏటిగడ్డన సాగనంపి నేనూ నాయనా వెనక్కి తిరిగేసరికి పొద్దు గుంకుతోంది. అవతలి గట్టు దిగి జింకల మంద ఒకటి మడుగు దగ్గరికి వచ్చింది. మా అలికిడికి అన్నీ ఒక్కసారి తలలెత్తాయి. మేము ఆగిపోయాం. కాసేపటికి ఒక పిల్లజింక ముందుకొచ్చి, ముందుకాళ్లు నీళ్లలో పెట్టి, మూతి ఆనించింది.