ట్రాన్స్‌ఫార్మర్ మీద ఖాళీ లేదు

పదవీ విరమణకు రెండేళ్లు ఉందనగా, ఒక వేసవి చివర్లో, నన్ను రాజోలు వైపు ఒక విద్యుత్ శాఖ సబ్‌డివిజన్‌కు ఏ.డి.ఈ.గా వేశారు. సెక్షన్లు చూసే ఏ.ఈ.లు నా కింద, డివిజన్ చూసే డి.ఈ.గారు నా పైన. చేరిన మొదటి వారంలోనే ఆయన చెప్పిన మాట ఒక్కటే: లైన్లూ స్తంభాలూ ఎలాగూ ఉంటాయి, ముందు సోలారు దరఖాస్తులు పెంచండి.

డాబాల మీద సోలారు పలకలు పెట్టించి లైనుకు కలపడం అప్పటి ప్రభుత్వ విధానం. ఇంటివాళ్లు వాడుకోగా మిగిలిన కరెంటు మా లైనులోకి వస్తుంది. రాకపోకలు రెండూ చూపించే మీటరు మేం బిగిస్తాం, బిల్లులో ఆ మేరకు తగ్గుతుంది. మంచి విధానం, ఇప్పటికీ అదే అంటాను. నా కోపం దాన్ని అమలు చేసిన తీరు మీద.

పైనుంచి ఒక ప్రచార బండి వచ్చింది. కాలువ గట్టు మీది ఒక ఊళ్లో మైకు పెట్టి, పలకలు బిగించుకోండి, మీటరు వెంటనే వస్తుందని ఊదరగొట్టి వెళ్లిపోయింది. అది నమ్మిన వాళ్లలో సత్యవతిగారొకరు. కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగి వచ్చి, ఇంటి పక్క షెడ్డులో మోటారు గానుగ పెట్టి కొబ్బరినూనె ఆడేది. నూనెకు పేరొచ్చింది గానీ కరెంటు బిల్లుకు తట్టుకోలేకపోతోంది. పలకలు బిగించుకుని మా ఆఫీసుకు వస్తే, ఆ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఖాళీ లేదని ఏ.ఈ. చెప్పాడు.

ఖాళీ అంటే ఏమిటో చెప్పాలి. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇంతవరకే సోలారు కలపాలని హద్దు ఉంటుంది. అది దాటితే, వాడకం తక్కువగా ఉండే మధ్యాహ్నం వేళ వోల్టేజి పెరిగి ఇళ్లల్లో ఫ్యాన్లూ టీవీలూ కాలిపోతాయి. హద్దు సబబే. కానీ ఆ ఊళ్లో నేను డాబాలన్నీ తలెత్తి చూస్తే సత్యవతిగారి పలకలు తప్ప మరొకటి లేదు! విషయం ఏమిటంటే, ఊళ్లో పెద్ద రైతు వెంకట్రావుగారు తన ఇంటికీ, కొడుకుల ఇళ్లకూ, రైసు మిల్లుకూ ముందే అనుమతులు తీసుకుని ఉంచుకున్నారు. హద్దంతా వాటితోనే నిండిపోయింది, ఒక్క పలకా పెట్టలేదు. గడ్డివాము దగ్గర కుక్క సామెత ఇలాంటి వాళ్లను చూసే పుట్టి ఉంటుంది.

ఆయన దగ్గరకు నేనే వెళ్లాను. దాళ్వాకు, అంటే రెండో పంటకు, కాలువ నీళ్లు వంతుల వారీగా వదులుతారు. తన వంతు వచ్చినా చేలోకి నీళ్లు పారే బోదె తెరవని రైతు నీళ్లు దిగువ చేనుకు పోవాల్సిందే. ఆ కట్టుబాటు ఊళ్లో తప్పకుండా నడిపించేది ఆయనే. అదే గుర్తు చేశాను. నాకు కాఫీ ఇప్పించి ఎంతో మర్యాదగా నవ్వారు.

"ఆయ్, నిజమేనండీ. కానీ అయి నీళ్లండీ. నిలవుంటే చేను కుళ్లిపోద్ది. అనుమతి కాయితం నిలవుంటే ఏం కుళ్లుద్దండీ? ఎప్పటికైనా అక్కరకొస్తాదని అట్టే పెట్టేం."

ఒళ్లు మండిపోయింది. అనుమతి ఇచ్చాక గడువులోగా పలకలు పెట్టకపోతే రద్దు చేయాలని నిబంధన ఉంది. ఆయన గడువులన్నీ ఏనాడో దాటిపోయాయి. రద్దుకు కాగితాలు తయారు చేసి డి.ఈ.గారికి పంపాను. సమీక్షల్లో లెక్క చూసేది దరఖాస్తులను, బిగించిన పలకలను కాదు, రద్దు చేస్తే మన సంఖ్య పడిపోతుంది, కాస్త ఆగండి అన్నారు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వేయించమంటే, దానికి మంజూరు కావాలి, అదీ ఆగాలన్నారు. జనాన్ని మైకులో కేకేసి పిలిచి గుమ్మంలో నిలబెట్టడానికి మాత్రం ఎవరి మంజూరూ అక్కరలేకపోయింది!

సత్యవతిగారు మళ్లీ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కువైట్‌లో మా మేడం వీసా నాకోసం అట్టే ఉంచిందండీ. ఇంకెంతో కాలం ఉంచదు. మీటరొస్తాదంటే ఇక్కడే ఉండి గానుగ ఆడించుకుంటాను. రాదంటే ఎల్లిపోతాను. ఏదో ఒకటి కచ్చితంగా చెప్పండి సార్."

కచ్చితంగా చెప్పగల అధికారం నాకు లేదు. నేను రాసి పంపిన సంగతి చెప్పాను. "రాసేరు కదండీ, ఇచ్చేదెవరండీ?" అని అడిగి వెళ్లిపోయింది. ఆ ప్రశ్నే రాసి, రద్దు కుదరదంటే గడువు దాటిన అనుమతులు కొనసాగించమని లిఖితపూర్వకంగా ఆదేశించండి అని పైకి పంపాను. అలా రాసివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. సమీక్ష ముగిశాక రద్దుకు ఒప్పుకున్నారు.

మీటరు బిగించే రోజు నేనూ వెళ్లాను. సంతకానికి ఆమె భర్త వచ్చాడు. ఆమె ఏదని అడిగాను.

"ఎల్లిపోయిందండీ. మొన్నే ఫోను చేసింది, పన్లో చేరిపోయేనని. గానుగ నాకు చాతకాదండీ, ఆడించేది ఆవిడే."

షెడ్డుకు తాళం వేసి ఉంది. మీటరు పెట్టాం. వాడుకునే మోటారు లేదు కనుక పలకల మీద పుట్టిన కరెంటు దాదాపు అంతా లైనులోకే పోవడం మొదలైంది. తరువాతి సమీక్షలో మా సబ్‌డివిజన్‌లో లైనుకు ఎక్కువ కరెంటు ఇస్తున్న ఇల్లుగా ఆ ఇంటినే తెర మీద చూపించారు. చప్పట్లు కొట్టారు. ఆ ఇల్లు ఎందుకు అంత ఇస్తోందో లేచి చెప్పాను. సమయం లేదని తరువాతి అంశానికి వెళ్లిపోయారు.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇది. దరఖాస్తులను లెక్కపెట్టే ఆఫీసు దరఖాస్తులనే పెంచుతుంది, కరెంటును కాదు. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత ఖాళీ ఉందో, దాన్ని ఎవరు పట్టుకుని కూర్చున్నారో పంచాయతీ గోడ మీద రాసి పెట్టనిదే ఏ ఊళ్లోనూ మైకు పట్టుకోకూడదు. గడువు దాటిన అనుమతిని ఆ రోజే రద్దు చేయాలి. ఆలస్యంగా ఇచ్చిన మీటరు కూడా చక్కగానే తిరుగుతుంది. అందుకే ఆ ఆలస్యం ఏ రిపోర్టులోనూ కనిపించదు.